న్యూజెర్సీలోని ఒక కన్సల్టెన్సీకి నా రివ్యూ: ఐదుకి రెండు

కంపెనీ పేరు రాయడం లేదు. వీళ్ళు లాయర్ నోటీసులు పంపడంలో చూపించే చురుకు జీతాలు వేయడంలో చూపించరు, ఆ గొడవ నాకిప్పుడు వద్దు. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే చిన్న ఐటీ కన్సల్టెన్సీల్లో ఒకటనుకోండి. యజమానులు తెలుగువాళ్ళు, ఉద్యోగులు దాదాపు అందరూ తెలుగువాళ్ళు, ఆఫీసు గోడ మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. ఎంఎస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉంటూ "హెచ్-1బి ఎవరు వేస్తారు" అని, అంటే యజమాని దరఖాస్తు చేస్తేనే వచ్చే ఉద్యోగ వీసా గురించి, వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నా. పెద్ద కంపెనీలో నేరుగా ఉద్యోగం దొరికినవాళ్ళు చదవకపోయినా నష్టం లేదు.

వీళ్ళు అమ్మేది ఏమిటంటే, ధైర్యం. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం మీద 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ లెక్క మొదలయ్యాక ఎవరు ఆఫర్ లెటర్ ఇచ్చినా దేవుడిలా కనిపిస్తారు. వీళ్ళు ఆఫర్ లెటర్ ఇస్తారు, గెస్ట్‌హౌస్‌లో మంచం ఇస్తారు, జావా నేర్పిస్తారు, రెజ్యూమె తయారుచేసి మార్కెటింగ్ చేస్తారు, ప్రాజెక్టు దొరికాక హెచ్-1బి వేస్తారు. బదులుగా మన గంటల మీద వచ్చే డబ్బులో వాటా తీసుకుంటారు. నాకు చెప్పిన లెక్క 70-30.

దేంట్లో 70 అని అడిగితే మాత్రం సూటిగా చెప్పరు. నేను పనిచేసింది ఒక పెద్ద బీమా కంపెనీకి. దాని కింద ఇంప్లిమెంటేషన్ పార్ట్‌నర్, ఆ కింద ప్రైమ్ వెండర్ (మనుషుల్ని సరఫరా చేసే మధ్యవర్తి), ఆ కింద ఇంకో వెండర్, ఆ కింద మావాళ్ళు, అట్టడుగున నేను. బీమా కంపెనీ నా గంటకి ఎంత కడుతోందో నా దాకా ఎప్పుడూ రాలేదు. మావాళ్ళ చేతికి వచ్చేది 62 డాలర్లని మాత్రం, అకౌంట్స్ అతను ఇన్‌వాయిస్ మెయిల్‌లో నన్ను కూడా కాపీ పెట్టేయడం వల్ల తెలిసింది. నాకు అందులో 70 శాతం రావడం లేదు. అడిగితే "ట్యాక్సులు, ఇన్సూరెన్సు, లాయర్ ఫీజు అన్నీ పోతాయి కదమ్మా" అన్నారు. హెచ్-1బి లాయర్ ఫీజు చట్టం ప్రకారం యజమాని ఖర్చు. దాన్ని ఉద్యోగి జీతంలోంచి రాబట్టుకోకూడదు. ఈ ముక్క ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే తెలిసి ఉండాలి.

బాగున్నవాటి గురించి కూడా చెప్పాలి కదా. గెస్ట్‌హౌస్ నిజంగా బాగుంది. గదికి నలుగురం, అయినా వంటకి ఒక ఆంటీ వచ్చేవారు. ఆవిడ చేసే గోంగూర పప్పుకి ఒక స్టార్ పూర్తిగా ఇస్తున్నా. రెండో స్టార్ వాళ్ళు పెట్టుకున్న లాయరుకి. పిటిషన్ గడువులోపే వేశాడు, ఉద్యోగ వివరాలు ఉన్నవి ఉన్నట్టే రాశాడు, నేను అడిగిన ప్రతి దానికీ జవాబిచ్చాడు. ఆ ఆఫీసులో సూటిగా మాట్లాడే మనిషి అతనొక్కడే, అతనేమో కంపెనీ మనిషి కాదు.

ఇక మార్కెటింగ్. రిక్రూటర్ హైదరాబాద్ నుంచి నైట్ షిఫ్టులో చేస్తాడు. చురుకైన కుర్రాడు, మర్యాదగా మాట్లాడతాడు. మొదటి వారంలోనే ఫోన్ చేసి "అక్కా, రెజ్యూమెలో ఏడేళ్ళు పెట్టేశాను, ఇంటర్వ్యూలో మీరు మేనేజ్ చేయాలి" అన్నాడు.

"తమ్ముడూ, నేను కాలేజీ నుంచి బయటికొచ్చి ఏడాది కూడా కాలేదు."

"అందరికీ అంతే అక్కా. ఏడు లేకపోతే వెండర్ ఓపెన్ కూడా చేయడు."

అవసరమైతే వీడియో ఆపేసి వేరే అన్నతో మాట్లాడిస్తానని కూడా చెప్పాడు. దాన్నే ప్రాక్సీ అంటారు, దానికి ఒక రేటు కూడా ఉంది. నేను వద్దన్నాను. నా అసలు రెజ్యూమెతోనే తిప్పమన్నాను. తిప్పాడు, కానీ జాబితాలో చివర పెట్టి. నాతో పాటు చేరిన అబ్బాయికి ఏడేళ్ళ రెజ్యూమెతో ప్రాజెక్టు ముందే వచ్చేసింది. నాకొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. హెచ్-1బిలో మోసం అనగానే అమెరికన్ల ఉద్యోగాలు పోవడం గురించే అందరూ మాట్లాడతారు. నిజం రెజ్యూమె పెట్టుకున్న మనవాళ్ళకి జరిగే అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు.

లాటరీ దగ్గరికి వద్దాం. హెచ్-1బిలు ఉన్నవాటికంటే అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి చీటీలు తీస్తారు. ఏటా 65,000 మామూలు కోటా, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో 2020లో మొదలైంది, ఫీజు అప్పట్లో 10 డాలర్లు. ఒక మనిషికి ఎన్ని కంపెనీలు వేస్తే అన్ని చీటీలు. 2023 మార్చిలో గెస్ట్‌హౌస్‌లో నా పక్క మంచం అమ్మాయికి మూడు కంపెనీల నుంచి వేశారు. మూడు పేర్లు వేరు, నడిపేది మాత్రం ఒకే కుటుంబం. "మనవాళ్ళవే కదమ్మా" అని నన్నూ అడిగారు. నేను ఒక్కటి చాలన్నాను, రాలేదు. ఆ ఏడాది లెక్కలోకి తీసుకున్న రిజిస్ట్రేషన్లు 7,58,994. అందులో 4,08,891 ఒకటికి మించి చీటీలున్నవాళ్ళవి. సగానికి పైగా! అలా వేసినవన్నీ మోసమే అనలేం. నిజంగానే రెండు ఆఫర్లున్నవాళ్ళూ ఉంటారు. కానీ ఒకే ఇంటి నుంచి మూడు కంపెనీల పేర్లతో వేసినప్పుడు దాన్ని ఇంకేమనాలి?

2024లో రూలు మార్చారు. చీటీ కంపెనీల లెక్కన కాదు, పాస్‌పోర్టు నంబరు లెక్కన. ఎంతమంది వేసినా మనిషికి ఒకటే చీటీ. లెక్కలోకి వచ్చిన రిజిస్ట్రేషన్లు 4,70,342కి పడిపోయాయి. మరుసటి ఏడాది ఫీజు 215 డాలర్లయింది, రిజిస్ట్రేషన్లు 3,43,981కి దిగాయి, వాటిలో ఒకటికి మించి ఉన్నవాళ్ళవి 7,828 మాత్రమే. నేను చూసిన సంస్కరణలన్నిటిలో పూర్తి మార్కులు దీనికే. మోసం తగ్గినందుకు ఒక్కటే కాదు. ఇద్దరు యజమానులు రిజిస్టర్ చేసి ఉంటే, పేరు వచ్చాక ఇద్దరికీ కబురొస్తుంది, ఎవరితో పిటిషన్ వేయించుకోవాలో మనమే తేల్చుకోవచ్చు. నాకు 2024లో వచ్చింది. నన్ను ఇంకెవరూ రిజిస్టర్ చేయలేదని మా యజమానికి ఖాయంగా తెలియదు. ఆ నెలరోజులూ ఆయన గొంతులో వినిపించిన మెత్తదనం ముందూ లేదు, తర్వాతా లేదు.

2025లో ప్రాజెక్టు అయిపోయింది. బెంచ్, అంటే కంపెనీలో ఉన్నా చేయడానికి ప్రాజెక్టు లేని కాలం. అసలు రివ్యూ ఇక్కడే మొదలవుతుంది.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి పని చూపించలేకపోయినా జీతం ఆపకూడదని 1998 నుంచీ చట్టంలో ఉంది. వద్దనుకుంటే పద్ధతిగా తీసేయాలి, ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, ఇంటికి వెళ్ళే ప్రయాణ ఖర్చు ఇస్తామని చెప్పాలి. మావాళ్ళు తీసేయలేదు, జీతమూ వేయలేదు. రెండు వారాలయ్యాక ఒక మెయిల్ వచ్చింది. "వ్యక్తిగత కారణాల వల్ల జీతం లేని సెలవు కోరుతున్నాను" అని అందులో నా తరఫున ముందే టైపు చేసి ఉంది. నేను సంతకం పెడితే చాలు. చట్టంలో ఉన్న సందు ఇదే. ఉద్యోగి తనంతట తాను సెలవు అడిగితే ఆ రోజులకి జీతం ఇవ్వక్కర్లేదు.

"నేను సెలవు అడగలేదు కదా సార్" అన్నాను.

"ఫార్మాలిటీ అమ్మా. ప్రాజెక్టు రాగానే అన్నీ సర్దుకుంటాయి. మనలో మనకి ఇవన్నీ ఎందుకు?"

సంతకం పెట్టనంటే ఇంకో దారి చూపించారు. జీతం, రెండు వైపుల (ఉద్యోగివీ, యజమానివీ) ట్యాక్సులు కలిపి నేనే వాళ్ళకి డబ్బు పంపితే, దాన్ని తిప్పి నాకే జీతంగా, పే స్టబ్‌తో (జీతం రసీదుతో) ఇస్తారు. దీనికి పేరోల్ రన్ చేయడం అని ముద్దుపేరు. ఊళ్ళో నాన్న పొలం మీద తెచ్చిన అప్పు తీరకుండానే, నా జీతం నేనే కట్టుకునే స్కీము ఇది. మా గెస్ట్‌హౌస్‌లో ఇద్దరు కట్టారు. వాళ్ళని తప్పుపట్టను. పే స్టబ్ లేకపోతే రేపు ఇంకో కంపెనీకి ట్రాన్స్‌ఫర్‌కి, వీసా ప్రకారమే ఉన్నామని ఎలా చూపించాలన్నదే వాళ్ళ టెన్షన్.

నేను లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ డబ్ల్యూహెచ్-4 ఫారం (హెచ్-1బి యజమాని మీద ఫిర్యాదు) నింపి, వాళ్ళకి పంపకుండా దాని పీడీఎఫ్ మాత్రం మా సార్‌కి పంపాను. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఎవరైనా వేయొచ్చు, ఫిర్యాదు చేసినందుకు వేధించడం కూడా చట్ట ఉల్లంఘన కిందికే వస్తుందని కింద రెండు లైన్లు రాశాను. మూడోనాడు సగం జీతం అకౌంట్లో పడింది. కస్టమర్ కేర్ అంత వేగంగా పనిచేయడం అదే మొదలు, అదే ఆఖరు.

బయటికి రావడం కూడా సర్వీసులో భాగమే కాబట్టి దాని గురించీ రెండు మాటలు. ఆఫర్ లెటర్లో పద్దెనిమిది నెలల్లోపు మానేస్తే 15,000 డాలర్లు కట్టాలని ఉంది. మానేసినందుకు జరిమానా వేయకూడదు, కానీ నిజంగా జరిగిన నష్టానికి ముందే ఒప్పుకున్న పరిహారం అయితే రాష్ట్ర చట్టాన్ని బట్టి చెల్లొచ్చు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో కోర్టు చెప్పాలి. అందుకే అందరూ భయపడి ఉండిపోతారు. కొత్త యజమాని పిటిషన్ వేయగానే అక్కడ చేరిపోయే వీలు 2000 నుంచే ఉంది, ఉద్యోగం పోతే 60 రోజుల దాకా దేశంలో ఉండే వెసులుబాటు 2017 నుంచి ఉంది. నేను వాటిని వాడుకున్నాను. నోటీసు వచ్చింది. జీతం ఆపిన నెలల వివరాలతో జవాబిచ్చాక మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.

ఇప్పుడు వస్తున్న మార్పులతో ఇలాంటి కంపెనీలు మూతపడతాయని నాలాంటివాళ్ళు చాలామంది సంబరపడుతున్నారు. నాకు అంత నమ్మకం లేదు. 2025 సెప్టెంబరులో ట్రంప్ లక్ష డాలర్ల రుసుము పెట్టారు. కానీ అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్-1బికి మారేవాళ్ళకి అది వర్తించదని తర్వాత స్పష్టం చేశారు. అంటే ఇక్కడ ఓపీటీ మీద ఉన్న పిల్లలే వీళ్ళకి ఇంకా విలువైన సరుకు. దెబ్బ తగిలేది ఇండియాలో కూర్చుని నిజంగా పని తెలిసినవాళ్ళకి. 2026 నుంచి లాటరీలో వేతన స్థాయిని (ఒకటి తక్కువ జీతం, నాలుగు ఎక్కువ) బట్టి బరువు ఇస్తున్నారు. నాలుగో స్థాయి వాళ్ళకి నాలుగు చీటీలు, మొదటి స్థాయికి ఒకటి. ఆలోచన మంచిదే. కాకపోతే బెంచ్ మీద ఉన్నప్పుడు నా పిటిషన్లో కూడా మంచి జీతమే రాసి ఉంది. కాగితం మీది అంకె నెలనెలా ఖాతాలో పడుతోందా లేదా అన్నది చూసే దిక్కు లేకపోతే, మొదటి స్థాయి బదులు మూడో స్థాయి రాస్తారు, అంతే.

అసలు కిటుకు ఎల్‌సీఏలో ఉంది. యజమాని ఇంత జీతం ఇస్తాను, ఇక్కడ పని చేయిస్తాను అని లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే మాట అది. చట్టం ఆ శాఖకి ఇచ్చిన పని, ఏడు పనిదినాల్లో ఆ ఫారంలో ఖాళీలు, పైకే కనిపించే తప్పులు ఉన్నాయేమో చూడడం. లోపల నిజమెంతో తవ్వే అధికారం ఆ దశలో లేదు. తర్వాత విచారణ ఎక్కువగా ఫిర్యాదు వస్తేనే. సెనేటర్లు గ్రాస్లీ, డర్బిన్ 2007 నుంచీ దీన్ని మార్చాలని బిల్లులు పెడుతూనే ఉన్నారు, ఒక్కటీ చట్టం కాలేదు. హెచ్-1బి మీదే ఎక్కువగా ఆధారపడే కంపెనీలకి కొన్ని అదనపు షరతులున్నాయి. ఏడాదికి 60,000 డాలర్లిస్తే వాటి నుంచి మినహాయింపు. ఆ అంకె 1998లో పెట్టింది, ఇప్పటికీ అదే. ఆనాటి అరవై వేలతో ఇవాళ న్యూజెర్సీలో ఏ పాటి ఇల్లు అద్దెకొస్తుందో ఆ చట్టసభ వాళ్ళని వెతికి చూడమనాలి.

ఫిర్యాదు చేసినవాడి వీసా ఫిర్యాదుకి గురైనవాడి చేతిలో ఉన్నంతకాలం ఫిర్యాదులు రావు. అరవై రోజుల్ని ఆరు నెలలు చేసి, బకాయి జీతం ముందు ఇప్పించి తర్వాత విచారణ చేస్తే, మా గెస్ట్‌హౌస్‌లో సగం మంది మర్నాడే డబ్ల్యూహెచ్-4 నింపుతారు. లక్ష డాలర్ల కంటే అదే వీళ్ళని ఎక్కువ భయపెడుతుందని నా అభిప్రాయం.

అయినా చేరక తప్పని పరిస్థితి అయితే ఇలా చేయండి. ఎల్‌సీఏల వివరాలు లేబర్ డిపార్ట్‌మెంట్ బహిరంగంగానే పెడుతుంది. కంపెనీ పేరుతో వెతికి ఏ హోదాకి, ఏ స్థాయి జీతానికి వేస్తున్నారో చూడండి. హెచ్-1బి యజమానులు పబ్లిక్ యాక్సెస్ ఫైల్ (ఎల్‌సీఏ, జీతం వివరాల కాగితాలు) అని ఒకటి ఉంచాలి, ఎవరడిగినా చూపించాలి. అడగండి. ముఖం మారిందంటే అర్థమైపోతుంది. ఉల్లంఘనలకి నిషేధం పడిన యజమానుల జాబితా కూడా అదే శాఖ వెబ్‌సైటులో ఉంటుంది. సెలవు లేఖ మీద మాత్రం, ఎంత "మనవాళ్ళే" అయినా, సంతకం పెట్టకండి. పే స్టబ్‌లు, మెయిల్స్ అన్నీ సొంత మెయిల్‌కి దాచుకోండి.

బెంచ్ కాలానికి రావలసిన మిగతా సగం జీతం ఇంకా రాలేదు. 12 నెలల గడువు దాటకముందే ఈసారి ఫారం నిజంగా పంపేశాను. డబ్బు వస్తే మూడో స్టార్ కలిపి ఈ రివ్యూ మారుస్తాను.