దుకాణం అద్దాలకు తుఫాను రేకులు: రేకు గట్టిదే, నట్ల సంగతే చూసుకోవాలి

ఫ్లోరిడాలో అద్దె దుకాణం నడిపేవాళ్లకు జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉండే హరికేన్ సీజన్‌లో మొదటి బెంగ ముందరి అద్దమే. అది పగిలితే గాలి లోపలికి దూరి కప్పును కింది నుంచి ఎగదోస్తుంది. పైనుంచి వీచే గాలి అప్పటికే దాన్ని పైకి లాగుతుంటుంది. ఈ రెండూ కలిస్తే కప్పు లేచిపోతుంది. 1992 ఆగస్టులో ఆండ్రూ హరికేన్ మయామీ దక్షిణాన్ని తుడిచిపెట్టాక, కిటికీలకూ తలుపులకూ కవచం ఉండాలన్న నిబంధనలు గట్టిపడ్డది ఇందుకే.

ఆ కవచాల్లో చవకైనది ముడతల రేకు, అంటే స్టార్మ్ ప్యానెల్. అవసరమైనప్పుడు బిగించి, తుఫాను పోగానే విప్పేసేది. మయామీ ఉన్న మయామీ-డేడ్ కౌంటీ పెట్టిన పరీక్షలో 9 పౌండ్ల టూ-బై-ఫోర్ (ఇళ్ల కట్టడానికి వాడే కోసిన కర్ర) దుంగను సెకనుకు 50 అడుగుల వేగంతో దాని మీదికి పేలుస్తారు. ఆ దెబ్బ తిన్న రేకునే తర్వాత గాలి ఒత్తిడికి గురిచేస్తారు, లోపలికీ బయటికీ మార్చి మార్చి. రెండూ తట్టుకున్నదానికే ఎన్‌ఓఏ అనే ఆమోదపత్రం వస్తుంది. కొనేటప్పుడు రేకు మీద ముద్ర ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, ఆ పత్రం తెప్పించుకోండి. బోల్టులు ఎన్ని అంగుళాలకొకటి ఉండాలో, అద్దానికీ రేకుకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో అందులోనే ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు రేకు లోపలికి వంగుతుంది. ఖాళీ చాలకపోతే రేకు చెక్కుచెదరదు, వెనక అద్దం మాత్రం పగులుతుంది.

రేకుల్లో అల్యూమినియం, గాల్వనైజ్డ్ ఉక్కు (జింకు పూత పూసినది), పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) రకాలున్నాయి. దుకాణానికైతే 0.050 అంగుళాల మందం అల్యూమినియమే మా ఎంపిక. ఉక్కు ధరలో తక్కువే కానీ బరువెక్కువ, కోసిన అంచుల దగ్గర తుప్పు మొదలవుతుంది. పాలికార్బొనేట్‌లోంచి వెలుతురు వస్తుంది కాబట్టి మొత్తం వరసలో ఒక్కటి పెట్టుకుంటే లోపల చీకటి గుయ్యారం కాదు. దాన్ని ఎండలో నిల్వ పెడితే మాత్రం పసుపెక్కుతుంది. ప్లైవుడ్ గురించి ఒక్క మాట: 5/8 అంగుళాల నిండు షీటు 50 పౌండ్లు దాటుతుంది, పైగా ఏటా గోడకు కొత్త చిల్లులు పడతాయి.

12 అడుగుల వెడల్పు ముఖద్వారానికి, ఒక్కో రేకు సుమారు అడుగు కప్పుతుంది కాబట్టి, 12 లేదా 13 రేకులు పడతాయి. పైన హెచ్ ఆకారపు పట్టా, కింద బోల్టులు దిగిన పట్టా ఉంటాయి. రేకును పై పట్టాలోకి ఎత్తి దోపి, కింది బోల్టుల మీదికి దించాలి. పక్క రేకు దీని మీద ఒక ముడత మేర ఎక్కుతుంది, అతుకు దగ్గర ఒకే బోల్టు రెండిటినీ పట్టుకుంటుంది. ఇక్కడే అందరూ చేసే పొరపాటు: మొదటి రేకు పెట్టగానే నట్టు బిర్రుగా బిగించేస్తారు. అలా పోతే తేడా కొద్దికొద్దిగా పేరుకుని, చివరి రేకుకు చిల్లు బోల్టు మీదికి రాదు. అన్నీ వేలితో తిప్పి వదిలేసి, చివర్లో ఒక కొస నుంచి బిగించుకు రావాలి. ఆరు అంగుళాలకో బోల్టు అంటే 25 వాషరు వింగ్ నట్లు (వాషరుతో వచ్చే, చేత్తో తిప్పే రెక్కల నట్లు) కావాలి. పది అదనంగా ఉంచుకోండి, అవి రాలిపోకుండా ఉండవు.

రేకు విఫలమవడం అరుదు, బోల్టులు మాత్రం తరచూ మొరాయిస్తాయి. గోడకు రంగు వేసేవాళ్లు బోల్టుల మీద కూడా పూసేసి పోతారు, మరల్లో రంగు గట్టిపడి నట్టు రెండు చుట్లకే ఆగిపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టును డ్రిల్లుతో గబగబా తిప్పితే వేడికి కరుచుకుంటుంది, ఇక కోయాల్సిందే. వేసవి మొదట్లోనే వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, యాంటీ సీజ్ పేస్టు (మరలు కరుచుకోకుండా రాసేది) రాసి, చేత్తోనే తిప్పి చూడండి. వాకిలి దగ్గర నేలలోని యాంకర్లలో (బోల్టు దిగే మర గుంటల్లో) ఇసుక చేరితే బోల్టు సగమే దిగుతుంది. ఖాళీగా ఉన్నన్నాళ్లూ వాటిలో ఒక పొట్టి బోల్టు తిప్పి ఉంచాలి.

హరికేన్ వాచ్ (హరికేన్ రావచ్చన్న హెచ్చరిక) వచ్చిందంటే గంటకు 39 మైళ్ల తుఫాను గాలి మొదలయ్యేందుకు సుమారు 48 గంటల వ్యవధి ఉన్నట్టు, వార్నింగ్ (వస్తుందన్న హెచ్చరిక) అయితే 36. రేకుల పని వాచ్ రోజునే ముగించాలి. గాలి లేచాక ఎనిమిది అడుగుల రేకు తెరచాపే. ఇద్దరు మనుషులు, తోలు చేతితొడుగులు తప్పనిసరి, అంచులు బ్లేడులా కోస్తాయి. నిచ్చెన ఎక్కి దోపేవాడొకడు, కింద పట్టేవాడొకడు. ముందు తలుపుకు వేసే రేకులు బయటినుంచే బిగుస్తాయి కాబట్టి వాటిని ఆఖరికి వదలాలి. లోపల మనుషులున్నంత సేపూ వెనక దారి తెరిచే ఉండాలి.

నీటిని ఈ రేకులు ఆపవు. కింద సందుల్లోంచి వరద నేరుగా వస్తుంది, దానికి ఇసుక బస్తాలు వేరే. వరద బీమా ఇంకా లేకపోతే జూన్‌లో తీసుకున్నది జూన్‌లో పనికిరాదు, ఫెడరల్ పాలసీకి మామూలుగా 30 రోజుల నిరీక్షణ ఉంటుంది.

అకార్డియన్ షట్టర్లు గోడకే ఉండి పక్కకు లాగితే మూసుకుంటాయి, ఒక్క మనిషి చాలు, ఖర్చు మాత్రం ఎక్కువ. రేకులు దాచే చోటు లేనివాళ్లకు, నిచ్చెన ఎక్కే తోడు లేనివాళ్లకు అవే మేలు. అద్దెకున్నవాళ్లు ఏది బిగించాలన్నా ముందు యజమాని రాతపూర్వక అనుమతి, తర్వాత నగరం పర్మిట్ తెచ్చుకోవాలి.

విప్పేటప్పుడు ప్రతి రేకు వెనక ఎడమ నుంచి ఎన్నోదో మార్కర్‌తో రాయండి. తడిగా ఒకదాని మీద ఒకటి పేర్చితే అల్యూమినియం మీద తెల్లటి మరకలు లేస్తాయి, ఎండలో ఆరనిచ్చి, సిమెంటు నేలకు తగలకుండా కర్ర దిమ్మెల మీద నిలబెట్టండి. నట్లు ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను మొదటి రేకుకే కట్టేయండి.