టెలిస్కోపుతో సీమలో మూడు రాత్రులు: బెలుం, గండికోట, ఉరవకొండ

కర్నూలులో మా మిద్దె మీద నుంచి చూస్తే ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం ఒక బూడిదరంగు మరకలా తప్ప కనిపించదు. అందుకే ఫిబ్రవరి అమావాస్యకు అటూ ఇటూ మూడు రాత్రులు ఎంచుకుని, ఎనిమిది అంగుళాల దర్పణంతో, తిరిగే పీట మీద నిలిచే డాబ్సోనియన్ టెలిస్కోపుకు దుప్పట్లు చుట్టి కారు వెనుక సీట్లో పడుకోబెట్టి, మా బావమరిదితో కలిసి బయలుదేరాను. అతనిది ఈక్వటోరియల్ మౌంటు (ధ్రువం వైపు గురిపెట్టిన అక్షం చుట్టూ తిరుగుతూ తారలను వెంబడించే పీఠం) మీద నిలిచే చిన్న రిఫ్రాక్టరు, అంటే దర్పణానికి బదులు కటకంతో పనిచేసే టెలిస్కోపు. ఆకాశం ఎంత నల్లగా ఉన్నా, బస చేసిన చోట లైటు ఆర్పే మనిషి లేకపోతే ఆ నలుపు మనకు దక్కదని ఈ ప్రయాణంలో తెలిసివచ్చింది.

మొదటి రాత్రి బెలుం గుహల సమీపంలో గడిపాం. గుహలు పగటిపూట తప్పక చూడదగినవే గాని, రాత్రి ఆకాశానికి ఆ చోటును నేను సిఫారసు చేయను. కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. లారీలు తిరిగిన దారిలో లేచిన తెల్లటి దుమ్ము అంత త్వరగా అణగదు. తెల్లవారి చూస్తే ప్రధాన దర్పణం మీద పిండి చల్లినట్టుంది. అప్పుడు గుడ్డతో తుడవాలనిపిస్తుంది, కాని తుడవకూడదు; రాతిపొడి అద్దంపూతను గీరేస్తుంది. చేతిపంపుతో గాలి ఊది, మిగిలిన దుమ్మును అలాగే వదిలేశాం. ఆ కొద్దిపాటి దుమ్ము వల్ల దృశ్యంలో తేడా ఏమీ కనిపించలేదు.

రెండో రాత్రి గండికోటలో. మాధవరాయ ఆలయం, జామియా మసీదు పగలే చూశాం. వాటిని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. మేము దిగిన వసతిగృహంలో గది శుభ్రంగా ఉంది, రాత్రి పెట్టిన రాగిసంగటి, నాటుకోడి పులుసు బాగున్నాయి. అయితే ఆవరణలోని నాలుగు ఫ్లడ్ లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయని చీకటి పడ్డాక గాని మాకు తెలియలేదు. కాసేపు ఆర్పమని అడిగితే కాపలా మనిషి, "లైటు ఆర్పితే పాములొస్తాయి సార్, ఓనరు తిడతాడు" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. చేసేది లేక సామాను మోసుకుని పెన్నా లోయ అంచు వైపు నడిచాం.

అక్కడ పొరపాటు నాదే. చదునుగా ఉంది కదా అని ఒక పెద్ద బండ మీద టెలిస్కోపు నిలబెట్టాను. పునర్వసులోని క్యాస్టర్ తార రెండు వందల రెట్ల వృద్ధిలో రెండు చుక్కలుగా స్పష్టంగా విడిపోవాలి. నాకు మాత్రం ఉడుకుతున్న అన్నంమెతుకులా ఒకే ముద్ద కనిపించింది. జమ్మలమడుగు నుంచి వచ్చిన పదిహేను కిలోమీటర్లలో గతుకులకు దర్పణం పక్కకు జరిగి ఉంటుందనుకుని, దాన్ని సరిచేసే వెనుక మరలు తిప్పడానికి సిద్ధమయ్యాను. బావమరిది నా చెయ్యి ఆపి, ముందు ఫోకస్ తప్పించి చూడమన్నాడు. అలా చూస్తే తార వలయాలుగా విచ్చుకుంటుంది; దర్పణం జరిగి ఉంటే అవి ఒక పక్కకు ఒరుగుతాయి. చూస్తే వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉన్నాయి, మధ్యనున్న నల్లటి నీడ కూడా నట్టనడుమే ఉంది. అంటే దర్పణం కదలలేదు. వలయాల మీదుగా మాత్రం వాగునీళ్లు పారుతున్నట్టు అలలు కదులుతున్నాయి. పగలంతా ఎండ పీల్చుకున్న బండ రాత్రి ఆ వేడిని పైకి వదులుతోందన్నమాట. దానికి తోడు మూసిన కారులో మగ్గిన దర్పణం కూడా ఇంకా చల్లబడలేదు. టెలిస్కోపును ముప్పై అడుగుల దూరంలో పొదల మధ్యనున్న మట్టినేల మీదికి మార్చి గంటసేపు వదిలేస్తే, క్యాస్టర్ రెండుగా విడిపోయింది. ఆ మరలు తిప్పి ఉంటే సరిగా ఉన్న అమరికను నేనే చెడగొట్టుకునేవాడిని.

బావమరిది అవస్థ వేరు. గండికోట అక్షాంశం పదిహేను డిగ్రీలకు కొంచెం తక్కువ. ధ్రువతార కూడా ఉత్తర దిక్కున అంతే ఎత్తులో ఉంటుంది. అతని మౌంటు ఇరవై డిగ్రీల కంటె కిందికి దిగదు. త్రిపాది ఉత్తరపు కాలును కొంత కుదించి, మౌంటును ముందుకు వంచితే గాని అక్షం ధ్రువతార మీదికి రాలేదు. త్రిపాది చదునుగా లేకపోయినా నష్టం లేదు, అక్షం ధ్రువాన్ని చూపిస్తే చాలు. కాని ముందుకు పడిపోకుండా మధ్యలో ఒక రాతిసంచి వేలాడదీయవలసి వచ్చింది. ధ్రువతార ఎత్తుగా కనిపించే చల్లటి దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన మౌంటును సీమలో కొనేవారు ఈ ఒక్క సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ఆగ్నేయాన ముద్దనూరు, ఎర్రగుంట్ల దిక్కున ఆకాశం అడుగున వెలుగు కమ్ముకుని ఉంది. ఉత్తరం మాత్రం చిమ్మచీకటి.

మూడో రాత్రి ఉరవకొండ దాటాక తెలిసినవారి కళ్లంలో ఆగాం. బస అంటే మోటారు షెడ్డు పక్కన రెండు నులకమంచాలు, అంతే. దూరాన గాలిమరల మీద ఎర్రదీపాలు మిణుకుమంటున్నా కంటికి ఇబ్బంది కలగలేదు. గాలికే పొడవాటి గొట్టం వణికింది; కారును అడ్డంగా నిలిపి ఆ మరుగున చూశాం. షెడ్డు బల్బు గురించి అడగబోయేలోగానే ఆ రైతు, "అట్లైతే బల్బే పెరికేస్తా ఉండండి సార్" అంటూ భుజం మీది తుండుగుడ్డను చేతికి చుట్టుకుని, కాలుతున్న బల్బును తిప్పి తీసి జేబులో వేసుకున్నాడు.

తొమ్మిది గంటలకు దక్షిణాన అగస్త్య నక్షత్రం ఇరవై రెండు డిగ్రీల ఎత్తుకు చేరింది. ఫైండరు (గురి చూసే చిన్న దుర్బిణి) మీద మంచు పట్టకుండా ఆ రైతే ఒక చొక్కాగుడ్డ కప్పాడు. నాలుగు గంటల వేళ ఒమేగా సెంటారీ తారాగుచ్ఛం అదే దిక్కున ఇరవై ఎనిమిది డిగ్రీల దాకా లేచింది. నలభై ఎనిమిది రెట్ల వృద్ధినిచ్చే ఐపీసులో (కన్ను ఆనించే కటకంలో) అది అంచుల దాకా చుక్కలు చుక్కలుగా విడివడి కనిపించింది. ఆయన కన్ను ఆనించి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్లి బల్బు మళ్లీ బిగించి, మోటారు వేశాడు.