గాలి పంపున్న వాకింగ్ బూటు: 7 వారాలు వాడాక

కాలి చిటికెన వేలి వెనకాల ఎముక విరగడంతో 7 వారాలు వాకింగ్ బూటుతో, అంటే విరిగిన కాలు కదలకుండా పట్టి ఉంచే పట్టీల బూటుతో, కాపురం చేశాను. మొదటి వారం ఎవరడిగినా "పిండికట్టు కంటే వంద రెట్లు నయం" అని చెప్పేదాన్ని. దానికున్న గాలి పంపే అందుకు కారణం. పక్కనున్న బుడిపె నొక్కితే లోపలి సంచులు ఉబ్బి, కాలిని ఎవరో రెండు చేతులతో ఒడిసి పట్టుకున్నట్టుండేది. అడుగేస్తే కలుక్కుమనేది కాదు.

పదో రోజున అదే పంపు నాకు చెమటలు పట్టించింది. రాత్రంతా పడుకుని లేస్తాం కాబట్టి పొద్దున వాపు తక్కువ. బూటు వదులుగా అనిపించి ఇంకో నాలుగు నొక్కులు నొక్కాను. ఆ రోజంతా కుర్చీలో కాలు కిందికి వేలాడేసి పని చేశాను. మధ్యాహ్నానికి వేళ్లలో చీమలు పాకినట్టనిపిస్తే తిమ్మిరేలే అనుకున్నాను. సాయంత్రం మేజోడు లాగి చూస్తే వేళ్లు ఊదారంగులో, చల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడింది తెల్లబడినట్టే ఉంది, రంగు ఎంతకీ రాదే! గబగబా గాలి వదిలి, పట్టీలు ఊడదీసి, కాలు దిండ్ల మీద పెట్టాను. పావుగంటకు వేళ్లకు రంగొచ్చింది. ఫోన్ చేస్తే డాక్టరు, రంగు రాకపోతే వెంటనే రావాలనీ, పిక్కలో నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు కాబట్టి అప్పుడూ ఆగొద్దనీ చెప్పారు.

తప్పు పూర్తిగా బూటుదే అనను. నేను ముందు గాలి కొట్టి తర్వాత పట్టీలు బిగించేదాన్ని. మడమను వెనక్కి ఆనేదాకా జరిపి, పట్టీలు వేళ్ల వైపు నుంచి పైకి బిగించి, గాలి చివర్లో కొట్టాలట. అప్పట్నుంచి రెండు నొక్కులకే ఆపేసి, కూర్చునే ముందు కాస్త వదిలేదాన్ని. గంటకోసారి వేళ్లు ఆడించి చూసుకోవడం అలవాటైపోయింది.

ఇంకో బాధ ఎత్తు. బూటు అడుగుభాగం మందం కాబట్టి రెండో కాలు పొట్టిదైపోయి, మూడో వారానికి తుంటి పట్టేసింది. ఆ కాలికి మందపాటి అడుగున్న షూ వేశాకే నడుము నిలిచింది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బూటు కాలు ముందు. నాది కుడికాలు, కాబట్టి డ్రైవింగ్ ఊసే లేదు.

నా వరకు బూటు బాగానే పనికొచ్చింది. నాకు ఎముక విరిగింది చిన్నగానే, పైగా వేళ్లకు స్పర్శ ఉంది కాబట్టి చీమలు పాకడం తెలిసింది. మొన్న మా అత్తయ్య చీలమండ బెణికి "ఆ బూటు ఓసారి ఇవ్వవే" అన్నారు. ఆవిడకు షుగరు, పాదాలు మొద్దుబారి చాలాకాలమైంది. ముందు డాక్టరుకు చూపించండి అత్తయ్యా అని బూటు అటకమీదే ఉంచేశాను.