నుదుటి మీదికి ఎక్కని సేఫ్టీ గ్లాసెస్ దొరికాయి

గ్రైండర్ పట్టేవాళ్ల దగ్గర సేఫ్టీ గ్లాసెస్ లేకేం, ఉంటాయి, కాకపోతే నుదుటి మీద. తిరుపతి ఎండల్లో రేకుల షెడ్డు కింద కాసేపు పనిచేస్తే అద్దాలకి ఆవిరి పట్టేస్తుంది, చెవుల వెనక కాడలు నొక్కుతాయి, ఇంకెవరు ఉంచుకుంటారు చెప్పండి? అందుకే ఈసారి రేటు తర్వాత చూద్దాంలే అని, పెట్టుకుంటే హాయిగా ఉన్నదే తీసుకున్నా. తెల్ల (రంగు లేని) పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ అద్దాలు, కణతల దాకా చుట్టుకునే రకం, ముక్కు దగ్గర మెత్తటి రబ్బరు, పొడవు మార్చుకునే కాడలు, ఆవిరి పట్టకుండా యాంటీ ఫాగ్ కోటింగ్. ఊళ్లోనే హార్డ్‌వేర్ షాపులో మూడొందల లోపే వచ్చాయి.

అసలు తేడా అంతా ఆ ముక్కు రబ్బరులోనే ఉంది. బెంచీ మీదికి వంగి పనిచేస్తుంటే చెమటకి గట్టి ప్లాస్టిక్‌ది జారుతూనే ఉంటుంది, ఇది కదల్లేదు. షాపులోనే పెట్టుకుని తల బాగా వంచి అటూ ఇటూ ఊపండి, ఒకసారి నవ్వండి కూడా. బుగ్గలు తగిలి అద్దాలు పైకి లేస్తే ఆ సైజు మీది కాదు. రెప్పల వెంట్రుకలు అద్దానికి తగిలినా వద్దు, ఆవిరి కూడా తొందరగా పడుతుంది.

కాడ మీదో ఫ్రేము మీదో కళ్ల రక్షణ ప్రమాణాల గుర్తు, అంటే యూరప్‌ది ఈఎన్ 166 గానీ, అమెరికాది జెడ్ 87 ప్లస్ గానీ, మన ఐఎస్ 5983 గానీ ఉందా చూడండి. ఈఎన్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరం ఉంటే, 6 మిల్లీమీటర్ల స్టీలు గుండు సెకనుకి 45 మీటర్ల వేగంతో తగిలినా ఆగేలా పరీక్షించినట్టు, అంటే గంటకి 162 కిలోమీటర్లు. చత్వారం కళ్లజోడు ఈ పనికి రాదు, దాని మీద పెట్టుకునే పెద్ద సైజువి విడిగా దొరుకుతాయి. వెల్డింగ్ వెలుగుకి మాత్రం ఇవి అస్సలు చాలవు, దానికి నల్ల అద్దం హెల్మెట్టే.

చెక్క పొడికి మాస్కు పెడితే మాత్రం యాంటీ ఫాగ్ కూడా కొంత ఓడిపోతుంది, ఊపిరంతా పైకే వస్తుంది కదా. మాస్కు ముక్కు తీగని గట్టిగా నొక్కితే చాలావరకు తగ్గింది. చిత్తూరు వైపు మామిడితోటలో బ్రష్ కట్టర్‌తో గడ్డి కోసేటప్పుడు రాళ్లు కింది నుంచి లేస్తాయి, అక్కడ ఇవొక్కటే సరిపోవు, పైన జాలీ ముసుగు కూడా కావాలి. ఎండకి కళ్లు చెదిరిపోతున్నాయనుకుంటే తోటకి రంగు అద్దాలు తీసుకోండి, షెడ్డులోకి మాత్రం తెల్లవే.

నచ్చనిది గీతలు. పాలీకార్బొనేట్ గట్టిదే కానీ పొడిగుడ్డతో ఇనుప రజను తుడిస్తే అంతే సంగతులు, కోటింగ్ కూడా పోతుంది. ముందు నీళ్లతో కడగాలి. పెయింటు మరక పడిందని థిన్నర్ రాయకండి, అద్దం పగుళ్లిస్తుంది. ఇంత పెట్టి కొంటే ఒక సంచీ అయినా ఇవ్వలేదు, ప్రస్తుతానికి పాత సాక్సులో పెడుతున్నా.