కల్లు మానేటప్పుడు చెవి సూదులా, మాత్రలా: ఏది మేలు?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కల్లు సీసాలో చెట్టు కల్లు ఎంతో, ఆల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందు ఎంతో పోసేవాడికే సరిగ్గా తెలియదు. నిన్నటి సీసాకూ ఇవాళ్టి సీసాకూ పొంతన ఉండదు. అందుకే మాన్పించడానికి చెవికి గుచ్చే ఆక్యుపంక్చర్ సూదులా, డాక్టరిచ్చే మాత్రలా అని తేల్చే ముందు రెండు సంగతులు కనుక్కోవాలి: ఆ మనిషి తాగేది ఏది, ఆఖరిసారి తాగి ఎన్ని గంటలైంది.

ఉత్త సారా, బ్రాందీ అయితే ఆరేడు గంటలకు వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా 12 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పాములు పాకుతున్నాయంటారు, పగలో రాత్రో చెప్పలేరు, ఒళ్లంతా చెమట. మందు కల్లు అయితే ఈ లెక్క కూడా నమ్మలేం, ఫిట్స్ మూడో రోజు తర్వాతా రావచ్చు. వణుకు పైకి కనపడకపోతే చేతులు ముందుకు చాపించి, వేళ్లు విడదీయించి, పైన ఒక కాగితం పెట్టి చూడండి. కాగితం అంచు టపటపలాడుతుంది.

ఈ మొదటి వారంలో సూదికి మాత్ర పని అప్పజెప్పకూడదు. ఏళ్ల తరబడి మత్తుమందుకు అలవాటుపడ్డ మెదడు, అది ఒక్కసారిగా అందకపోతే కళ్లెం తెగిన గుర్రమవుతుంది. ఆ ఉద్రేకమే ఫిట్స్. చెవిలో సూది గుచ్చితే అది ఆగుతుందనడానికి ఆధారం లేదు. డాక్టర్లు చేసేది వేరు. ఆల్ప్రాజోలమ్ ఒంట్లోంచి త్వరగా దిగిపోతుంది కాబట్టి నిదానంగా దిగే డైజిపామ్‌కు మారుస్తారు. అర మిల్లీగ్రాము ఆల్ప్రాజోలమ్‌కు సుమారు 10 మిల్లీగ్రాముల డైజిపామ్ అని లెక్క. సీసాలో ఎంత కలిపారో తెలియదు గనక ఇక్కడ ఆ లెక్క సగమే పనికొస్తుంది. వణుకు, నాడి, చెమట చూసి మోతాదు కట్టాలి. తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి, పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గిస్తూ పోతారు. లివర్ చెడిపోయినవాళ్లకు డైజిపామ్ బదులు లోరాజెపామ్.

మందుల దారిలోనూ తప్పులు తక్కువేం కావు. ఊళ్లో ఆర్‌ఎంపీ ముందుగా గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తాడు. తిండి మానేసి తాగినవాడికి బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు పోస్తే మెదడు దెబ్బతిని కనుగుడ్లు సరిగ్గా కదలకపోవడం, నడక తూలడం, మతిమరుపు రావచ్చు. రెండో తప్పు, పాములు కనిపిస్తున్నాయంటే పిచ్చి అనుకుని ఒక్క హాలోపెరిడాల్ ఇంజెక్షన్‌తో సరిపెట్టడం. దానితో ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. గాలి సోకిందని కట్టేసి ఉంచడం గురించి చెప్పేదేముంది! ఇక భర్తకు తెలియకుండా కూరలో డైసల్ఫిరామ్ (సారా తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) కలపడం: ఆ మీద తాగితే గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. పైగా ఆల్ప్రాజోలమ్ మీద అది అసలు పనిచేయదు.

మరి సూదులు ఎక్కడివి? 1970ల మొదట్లో హాంకాంగ్‌లో ఆపరేషన్ నొప్పి కోసం ఆక్యుపంక్చర్ చేస్తుండగా, నల్లమందు తినేవాళ్లకు బాధ తగ్గినట్టు డాక్టర్ వెన్ గమనించారు. న్యూయార్క్ లింకన్ హాస్పిటల్‌లో అది చెవిలో ఐదు చోట్ల పెట్టే పద్ధతిగా స్థిరపడింది. ఆ చోట్లకు పేర్లు షెన్‌మెన్, సింపథెటిక్, కిడ్నీ, లివర్, లంగ్. రెండు చెవులకూ కలిపి పది సూదులు, అర అంగుళం పొడవు, అరగంట నుంచి ముప్పావు గంట. అందరూ ఒక గదిలో కూర్చుంటారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. నా లెక్కన ఆ మౌనమే సగం మందు. 2002లో వెలువడిన అమెరికా పరీక్షలో 620 మంది కొకైన్ రోగులను మూడు గుంపులు చేశారు. అసలు చోట్ల సూదులు, ఉత్తుత్తి చోట్ల సూదులు, ఒళ్లు సడలించే వీడియోలు: మూడు గుంపుల్లోనూ వాడకం తగ్గింది, తేడా మాత్రం తేలలేదు.

కాబట్టి సూదికి చోటు రెండో అంకంలో. వణుకు ఆగి, మాత్రలు తగ్గుతూ ఉండగా నిద్ర పట్టక, సాయంత్రం దుకాణం వేళకు కాళ్లు లాగే వారాల్లో, రోజూ ఒక గంట కుదురుగా కూర్చోబెట్టడానికి పనికొస్తుంది. డిప్రెషన్ ముదిరి చావు మాటలు మాట్లాడేవారికి, తాగుడు ఆగి నెల దాటినా చెవిలో గొంతులు వినేవారికి అది చికిత్స కాదు. వారికి సైకియాట్రిస్ట్ కావాలి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే మానసిక సమస్యలకు టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416, మత్తు విముక్తికి 14446.

సూది వేయించుకుంటే ఖాళీ కడుపుతో వద్దు, కళ్లు తిరిగి పడతారు. ప్యాకెట్ మీ ముందే చింపాలి, వాడిన సూది మళ్లీ వాడకూడదు, తీసేటప్పుడు పది సూదులూ వచ్చాయో లేదో లెక్కపెట్టాలి. తాగి తాగి లివర్ పాడైనవారికి నెత్తురు తొందరగా గడ్డకట్టదు, దూదితో కాసేపు నొక్కి పట్టాలి. మర్నాడు చెవి మృదులాస్థి ఎర్రబడి, ముట్టుకుంటే మంటగా ఉంటే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయొద్దు. అక్కడ చీము పడితే చెవి రూపమే ముడుచుకుపోతుంది. సూదంటే భయమైతే అవే చోట్ల ఆవగింజంత గింజలను ప్లాస్టర్‌తో అంటిస్తారు. చెమట పట్టే వేసవిలో రెండు మూడు రోజులకే తీసేయడం మంచిది.