ఆగుంబేలో తానప్ప కోసం

మా నాన్న ముప్ఫై నాలుగేళ్లు తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఉత్తరాలు పంచారు. 1980ల్లో దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' వచ్చేటప్పుడు మేమంతా అందులోని స్వామి అనే కుర్రాడి కోసం టీవీ ముందు కూర్చుంటే, ఆయన మనసంతా ఒక్క 'ది మిస్సింగ్ మెయిల్' కథ మీదే ఉండేది. అందులో పోస్ట్‌మ్యాన్ తానప్ప ప్రతి గుమ్మం దగ్గరా ఆగి మంచీ చెడ్డా మాట్లాడతాడు. రామానుజంగారి అమ్మాయి కామాక్షికి సంబంధం కుదరడంలోనూ అతని చెయ్యి ఉంటుంది. మే 20న ముహూర్తం. అది తప్పితే పెళ్లికొడుకు ట్రైనింగుకి వెళ్లిపోతాడు. సరిగ్గా అప్పుడే సేలం నుంచి దగ్గరి బంధువు పోయారని కబురొస్తుంది. తానప్ప దాన్ని ఆపేసి, పెళ్లయ్యాక తెచ్చిస్తాడు. కావాలంటే నా మీద ఫిర్యాదు చెయ్యండి, ఉద్యోగం పోతుంది అని తానే చెబుతాడు.

ఆర్.కె. నారాయణ్ తన కథల కోసం ఊహించిన ఊరు మాల్గుడిని సీరియల్ దర్శకుడు శంకర్ నాగ్ చాలావరకు కర్ణాటకలోని ఆగుంబేలోనే తీశారు. ఆ వీధి చూడాలని నాన్నకు ఎప్పటినుంచో కోరిక. మొన్న నవంబరులో తీసుకెళ్లాను. రైల్లో బెంగళూరు, అక్కణ్నుంచి రాత్రి బస్సులో తీర్థహళ్లి, మళ్లీ ఇంకో బస్సులో ఆగుంబే. డెబ్భై దాటిన మనిషికి రాత్రి బస్సు కష్టమే. స్లీపర్ కింది బెర్త్ దొరికితేనే బయల్దేరండి. వానాకాలంలో మాత్రం పెద్దవాళ్లతో వద్దు. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు, దారంతా జలగలే.

మొదటి రాత్రి ఫోన్లో బుక్ చేసిన హోమ్‌స్టేలో దిగాం, ఊరికి కాస్త దూరంగా. ఫొటోల్లో బాగుంది. తీరా వెళ్తే దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, గీజర్ పనిచెయ్యలేదు, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు పెట్టారు. షుగర్ ఉన్న మనిషికి అంత ఆలస్యమైతే నాకు ఒకటే టెన్షన్. పొద్దున్నే ఖాళీ చేసేశాం.

రెండో రోజు దొడ్డమనెకి మారాం. సీరియల్లో స్వామి ఇల్లు అదే. వందేళ్లు దాటిన లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ చెక్క స్తంభాలు. చేతులు తగిలీ తగిలీ స్తంభాలు నడుము ఎత్తు దాకా నున్నగా మెరుస్తున్నాయి, ఆ పైన మాత్రం చెక్క గరుకుగానే ఉంది. వెళ్లగానే వేడివేడి కషాయం ఇచ్చారు. గదిలో టీవీ, ఏసీ లాంటివి ఆశించొద్దు, వేరేవాళ్ల ఇంట్లో చుట్టాల్లా ఉండటానికి సిద్ధపడే వెళ్లాలి. అన్నం వేళకు పెట్టారు, నాన్నను తాతగారిలా చూసుకున్నారు. రేటు చెప్పలేదు, మాకు తోచింది ఇచ్చాం. ఆగుంబేలో బస అంటే నేనైతే ఇదే చెబుతాను.

సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు నాన్న ఎప్పుడూ చెప్పని మాట చెప్పారు. ఆ రోజుల్లో చావు కబురు కార్డు ఇంట్లోకి తీసుకెళ్లేవారు కాదట. గుమ్మం బయటే ఈయన చేత చదివించుకుని, అక్కడే చించేసేవాళ్లట. అటు పసుపు రాసిన శుభలేఖలూ, ఇటు ఈ కార్డూ ఒకే సంచిలో.

"మీరెప్పుడైనా ఆపారా నాన్నా?" అని అడిగాను.

"ఉత్తరం ఆపడం నేరమమ్మా," అన్నారు. కాసేపాగి, "కానీ ఆ ఇంటికి ఆఖర్న వెళ్లిన రోజులున్నాయి. వాళ్ల వంటా, భోజనాలూ అయ్యేదాకా," అన్నారు.

సన్‌సెట్ పాయింట్ దగ్గరే, కానీ జనం ఎక్కువ. మబ్బు పట్టి మాకు సూర్యుడు కనిపించలేదు. శృంగేరి దగ్గర్లోనే ఉంది కాబట్టి అమ్మవారి దర్శనం చేసుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు శివమొగ్గ మీదుగా అరసాళు స్టేషన్‌కి వెళ్లాం. మాల్గుడి స్టేషన్‌గా చూపించింది దాన్నే. ఆ పాత కట్టడాన్ని బాగుచేసి రైల్వేవాళ్లు మ్యూజియం పెట్టారు. శ్రద్ధగా చేశారు, పిల్లలకు నచ్చుతుంది, గంట చాలు. దానికోసమే శివమొగ్గ దాకా రావక్కర్లేదు. రెండింట్లో ఒకటే కుదిరితే ఆగుంబేకే వెళ్లండి.

బయల్దేరే రోజు పొద్దున నాన్న ఆగుంబే పోస్టాఫీసుకి వెళ్లి అర్ధరూపాయి కార్డు కొని, అక్కడే నిలబడి అమ్మకు నాలుగు ముక్కలు రాశారు. మేం ఇల్లు చేరిన నాలుగో రోజున అది వచ్చింది. నాన్న ఎదురెళ్లి అందుకుని, తెచ్చిన కుర్రాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు.