నాన్న వైస్‌ని బతికించిన బాలానగర్ షెడ్డు

మా నాన్న వాడిన 6 అంగుళాల బెంచ్ వైస్ ఇది, అంటే బల్లకి బిగించి, పనిచేసే వస్తువుని రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచే పనిముట్టు. దవడ మూల అరిగి అరిగి, చివరికి చీలింది. మొదట మా ఇంటి దగ్గర ఒక షాపులో ఇస్తే మామూలు ఇనుప రాడ్‌తో పది నిమిషాల్లో అతికించేశారు. వారం తిరగకుండానే అతుకు పక్కనే పగిలింది. చాలా బాధేసింది.

బాలానగర్‌లో ఒక చిన్న వెల్డింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రీ చూడగానే, "ఇది బీడు అన్నా, దీనికి నికెల్ రాడ్ కావాలె" అన్నాడు. బీడు అంటే పోత ఇనుము. అందులో కార్బన్ ఎక్కువ, మామూలు రాడ్ కొడితే అతుకు అంచు గాజులా పెళుసెక్కుతుంది.

పాత అతుకంతా గ్రైండర్‌తో తీసేశాడు. పగులు ఇంకా పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేశాడు. గ్యాస్ మంటతో వేడిచేసి, ఒక్కో అంగుళం చొప్పున వెల్డింగ్ పెడుతూ, ప్రతిసారీ సుత్తితో సన్నగా తట్టాడు. ఆ తట్టడం దగ్గర అతని ఓపిక చూడాలి! తర్వాత పొడి సున్నంలో పాతిపెట్టి, "తొందరపడితే మళ్లీ పగులుతది, రేపు రా అన్నా" అన్నాడు.

900 రూపాయలైంది. నికెల్ రాడ్ ఖరీదు తెలిసినవాళ్లకి ఇది ఎక్కువ అనిపించదు. అతుకు రంగు కొంచెం వేరుగా కనిపిస్తుంది, అంతే. ఆకురాయి పెడితే మెత్తగా దిగుతోంది. నాలుగు నెలలుగా రోజూ బిగిస్తున్నా, చెక్కుచెదరలేదు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి రద్దీ పెరుగుతుంది.